తెప్ప మీదికి బాతులు ఎక్కకుండా: తోట కుంటల్లో ఈత రేవును కాపాడుకునే సమగ్ర మార్గదర్శి

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల మామిడి తోటల్లో డ్రిప్పు కోసం తవ్వించిన కుంట, వేసవి సెలవులొచ్చేసరికి పిల్లల ఈత కుంట అయిపోతుంది. నాలుగు నీలం డ్రమ్ములు కట్టి, పైన పలకలు కొట్టి ఒక తెప్ప వదులుతారు. గట్టు మీంచి దిగడానికి చెక్కలతో చిన్న రేవు కడతారు. పిల్లలకన్నా ముందు దాన్ని బాతులు ఆక్రమిస్తాయి. పొద్దున వెళ్ళి చూస్తే పలకల నిండా పచ్చటి రెట్ట, జారుడు, కంపు. కడిగిపెడితే సాయంత్రానికి మళ్ళీ అంతే.

అందరూ మొదట చేసేది అరవడం, మట్టిబెడ్డలు విసరడం. అప్పటికి నీళ్ళలోకి దూకుతాయి, మనం ఇంటి దాకా వెళ్ళేలోపు మళ్ళీ ఎక్కుతాయి. వాటిని బెదిరించే ముందు, అవి తెప్పనే ఎందుకు పట్టుకున్నాయో చూడాలి. ప్లాస్టిక్ షీటు పరిచిన కుంటల్లో తరచుగా కనబడే కారణం ఒకటుంది. వాలు నిటారుగా, షీటు నున్నగా ఉండటంతో బాతు గట్టెక్కలేదు. నీళ్ళలోంచి బయటికొచ్చి రెక్కలు ఆరబెట్టుకోడానికి దానికి మిగిలిన చోటు మన తెప్ప, మన రేవు. అందుకే ఈ పని రెండు వైపుల నుంచీ చెయ్యాలి: ఇక్కడ ఎక్కనివ్వకూడదు, ఇంకోచోట ఎక్కడానికి వీలివ్వాలి.

మొదటి పని: వచ్చేది ఏ పక్షో తేల్చుకోండి

తెల్లవారుజామున, ఎవరూ గట్టు మీదికి రాకముందే ఒకసారి దూరం నుంచి చూడండి. ఆ వేళ కుదరకపోతే రెట్టే చెబుతుంది. గూస్ బాతులని సంతలో అమ్మే పెద్ద బాతుల రెట్ట వేలెడు పొడవున, గుండ్రంగా, ఆకుపచ్చగా ఉంటుంది. పుల్లతో చీల్చితే లోపల అరగని గడ్డి పీచు కనబడుతుంది, ఒక కొసన తెల్లగా ఉంటుంది. మామూలు బాతుది పలచగా, ఆకారం లేకుండా పడుతుంది. పలకల మీద తెల్ల సున్నం చల్లినట్టుండి, చేపల కంపు కొడితే అది నీటికాకి పని. నీటికాకి ఎక్కేది రెక్కలు చాపి ఆరబెట్టుకోడానికి, దానికి గడ్డితో సంబంధం లేదు. కాబట్టి గడ్డి గురించి కింద చెప్పేదంతా దానికి వర్తించదు, తాళ్ళ సంగతి మాత్రం వర్తిస్తుంది.

పెంపుడు బాతులైతే యజమాని ఉంటాడు, మాట్లాడుకోవచ్చు. వరి కోతలయ్యాక కయ్యల్లో బాతుల మందలు మేపుకుంటూ నెల్లూరు వైపు నుంచి, తమిళనాడు నుంచి వచ్చేవాళ్ళుంటారు. మేత అయిపోగానే వాళ్ళు వేరే ఊరికి కదులుతారు. నాలుగు రోజుల ముచ్చటకు మీరు కంచెలు కట్టక్కర్లేదు. మందను వెంటబెట్టుకున్న మనిషికి ఒక మాట చెబితే చాలు.

అడవి పక్షులైతే లెక్క వేరు. నీటికాకులు, కొంగలు, రాత్రిళ్ళు ఈలలేస్తూ ఎగిరే ఎర్రచిలువలు, చలికాలంలో పులికాట్, నేలపట్టు వైపు దిగే వలస పక్షులు, వీటిని చంపడం, పట్టడం, గూళ్ళూ గుడ్లూ పాడుచెయ్యడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఎక్కకుండా అడ్డం పెట్టుకోవచ్చు, అంతవరకే.

రెండో పని: మేత ఆపండి

ఇది ఖర్చు లేని పని, అందుకే ఎవరూ పట్టించుకోరు. తోటకు వచ్చిన చుట్టాల పిల్లలు సరదాగా బొరుగులు, బ్రెడ్డు ముక్కలు విసురుతారు. రేవు మీద నిలబడి విసిరితే బాతు రేవునే గుర్తుపెట్టుకుంటుంది. మనిషి కనబడగానే పారిపోవాల్సిన పక్షి, మనిషి కోసం కాచుకుని కూర్చోవడం మొదలవుతుంది. అక్కడినుంచి మీరు ఏం కట్టినా సగమే పనిచేస్తుంది. రేవు పక్కన చేతులు కడగడం, అన్నం గిన్నెలు తోమడం, చేపల మేత బస్తాలు పెట్టడం కూడా మానాలి. పిల్లలకు బాతులకు మేత వెయ్యాలని సరదాగా ఉంటే, కుంటకు అవతలి కొసన ఒక చోటు చూపించి అక్కడే వెయ్యమనండి. ఆ చోటు తర్వాత మనకు పనికొస్తుంది.

మూడో పని: గడ్డి, పాముల పేచీ

పెద్ద బాతు గడ్డి మేసే జీవి. పొట్టిగా, లేతగా, నీటి దాకా పరుచుకున్న గడ్డి దానికి ఇష్టం. తింటూ తల ఎత్తితే నాలుగు దిక్కులూ కనబడాలి, కుక్కో నక్కో వస్తే నాలుగు అడుగుల్లో నీళ్ళలో పడాలి. అందుకని విదేశీ సలహాలన్నీ ఒడ్డున గడ్డిని నడుముదాకా పెరగనివ్వమంటాయి. బాతుకు అవతల ఏముందో కనబడకపోతే అటు నడవదు కాబట్టి సలహా నిజమే. కానీ పిల్లలు వట్టికాళ్ళతో పరిగెత్తే గట్టు మీద, మన ప్రాంతంలో, ఎత్తు గడ్డి పెంచమని నేను చెప్పను. కట్లపాము, రక్తపింజర తిరిగే నేల ఇది.

మధ్యేమార్గం వట్టివేరు. కుంట గట్టు బయటి అంచున ఒకే వరసలో, బెత్తెడు ఎడంలో పిలకలు నాటండి. ఒకటి రెండు వానాకాలాల్లో మనిషి ఛాతీ ఎత్తు గోడలా లేస్తుంది. ఆకు బిరుసు కాబట్టి బాతు మేయదు. వేళ్ళు గట్టును పట్టుకుంటాయి, వానకు మట్టి కొట్టుకుపోదు. వరసకూ నీటికీ మధ్య నడిచే బాట మాత్రం ఎప్పుడూ శుభ్రంగా గీకి ఉంచండి. రేవుకు రెండు పక్కలా రెండేసి మీటర్లు ఏమీ నాటకండి, మనిషికి కాలు పెట్టే చోటు స్పష్టంగా కనబడాలి. బాతులు ఆ ఖాళీలోంచి రావాలని చూస్తాయి. అక్కడికి తాడు.

నాలుగో పని: గట్టు మీద తాడు కంచె

బాతుకు ఎగరడం తెలిసినా, మేతకు వెళ్ళేటప్పుడు ఎక్కువగా నడుస్తుంది. పెంపుడు పెద్ద బాతు బరువుకు ఎగరడం ఎలాగూ కష్టం. రొమ్ముకు ఏదైనా తగిలితే ఆగిపోతుంది, దాన్ని తోసుకుని పోదు. ఇంత చిన్న విషయం మీదే ఈ కంచె ఆధారపడుతుంది.

సర్వీ కట్టెలు రెండు మీటర్లకొకటి పాతండి. నేల నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తులో ఒక తాడు, 35 నుంచి 40 సెంటీమీటర్ల ఎత్తులో ఇంకోటి లాగి కట్టండి. తాడు తెల్లగా, పెన్సిల్ మందాన ఉంటే చాలు. ముఖ్యం ఏమిటంటే బిగువు. కింది తాడు కాస్త వేలాడితే బాతు దాన్ని తొక్కి దాటుతుంది, ఒకటి దాటిందంటే వెనక వరసంతా దాటుతుంది. మీరు దాటడానికి ఒక కొసన కొక్కెం పెట్టుకోండి, రోజూ విప్పి కట్టే పనుండదు.

చేపల గాలానికి వాడే సన్నటి నైలాన్ దారం చవక అని వాడకండి. పక్షికి కనబడదు, కాలికి చుట్టుకుంటే కోసుకుపోతుంది. తోటల్లో వదులుగా పరిచే వలల్లో జెర్రిపోతులు చిక్కుకుని చస్తుంటాయి, వాటిని విడిపించబోయి కాటు తిన్నవాళ్ళూ ఉంటారు. పందులు రాకుండా పొలాల చుట్టూ పాత చీరలు కట్టినట్టు ఇక్కడా కట్టవచ్చా అంటే కట్టవచ్చు. బాతుకు అవతల కనబడదు కాబట్టి పనిచేస్తుంది కూడా. గాలికి చిరిగి పీలికలు నీళ్ళలో పడటమే ఇబ్బంది.

కంచెకు కరెంటు ఇచ్చే మాట మాత్రం ఎత్తకండి. పందుల కోసమని లైను నుంచి తీగ లాగి, దాని మీద పడి మనుషులు చనిపోయిన వార్తలు మన జిల్లాల్లో కొత్త కాదు. పలమనేరు, కుప్పం వైపు ఏనుగులూ అలాగే పోయాయి. ఇక్కడైతే పక్కనే నీళ్ళు, నీళ్ళలో పిల్లలు.

ఐదో పని: తెప్పను సిద్ధం చెయ్యడం

అసలు పని ఇక్కడే ఉంది. తెప్ప అంచు నీటికి జానెడు ఎత్తులో ఉంటే బాతు ఒక్క ఊపుతో ఎక్కేస్తుంది. మూరెడు ఎత్తు లేపితే బరువైన పెంపుడు బాతుకు ఎక్కడం కష్టమే. కానీ ఎత్తు పెరిగిన కొద్దీ తెప్ప ఊగుతుంది, ఒకే పక్క నలుగురు పిల్లలు చేరితే ఒరుగుతుంది. అందుకని తెప్పను ఎత్తడం కన్నా దాని చుట్టూ తీసిపెట్టుకునే కంచె మేలు.

నాలుగు మూలలా ఒకటిన్నర అంగుళాల పీవీసీ పైపు ముక్కలు జానెడేసి తీసుకుని, పక్కపలకకు క్లాంపులతో నిలువుగా బిగించండి. వీటిలోకి అంగుళం పైపు రెండడుగుల ముక్క వదులుగా దిగాలి. పైపు కొనలకు మూతలు తప్పనిసరి, పిల్లాడు పడితే గుచ్చుకోకూడదు. ఇనప కడ్డీలు వద్దు. ఇప్పుడు గట్టు మీద కట్టినట్టే రెండు వరసల తాడు చుట్టూ బిగించండి. పక్క పొడవు రెండు మీటర్లు దాటితే మధ్యలో ఇంకో పైపు ఉండాలి, లేకపోతే తాడు వేలాడుతుంది.

ఇది నీళ్ళలోంచి ఎక్కే పక్షికి. పైనుంచి వాలే నీటికాకి, ఎర్రచిలువల కోసం పైపు కొనల మీదుగా మూల నుంచి మూలకు రెండు తాళ్ళు అడ్డంగా లాగి, వాటికి మెరిసే రిబ్బన్ ముక్కలు కట్టండి. పలకలకు అడుగుకు పైగా ఎత్తున తాడు కదులుతుంటే పక్షికి రెక్కలు ముడిచి దిగే చోటుండదు. ఈతకు వెళ్ళేటప్పుడు పైపులన్నీ పైకి లాగి, తాడుతో సహా చుట్టి గట్టు మీద పెట్టండి. తిరిగి వచ్చేటప్పుడు ఆఖరున నీళ్ళలోంచి లేచేవాళ్ళ పని వాటిని మళ్ళీ గుచ్చిరావడం. ఈ ఒక్క క్రమం ఇంట్లో అందరికీ అలవాటైతే సగం పని అయినట్టే. రెండు రోజులు మరిచిపోతే బాతులు మళ్ళీ ఆ చోటు తమదే అనుకుంటాయి.

నిచ్చెన కూడా చూసుకోండి. మెట్లు వెడల్పుగా, వాలుగా నీళ్ళలోకి దిగితే బాతు వాటి మీద దర్జాగా నడిచొస్తుంది. తాడు నిచ్చెనైతే పని ముగియగానే పైకి లాగెయ్యవచ్చు. అయితే ఎవరైనా అనుకోకుండా నీళ్ళలో పడితే పట్టుకోడానికి కుంటలో ఇంకో పక్క ముడులు వేసిన లావుపాటి తాడు ఎప్పుడూ వేలాడుతూ ఉండాలి. షీటు కుంటలో ఈతొచ్చినవాళ్ళు కూడా గట్టెక్కలేక మునిగిపోతారు.

తెప్ప మీద ప్లాస్టిక్ గడ్డి తివాచీ పరచకండి. చూడ్డానికి బాగుంటుంది, రెట్ట లోపలికి దిగి ఎన్నటికీ పోదు. పలకల మధ్య చిటికెనవేలు సందు వదిలితే కడిగిన నీళ్ళు కిందికి జారిపోతాయి. రేవుకూ ఇవే పద్ధతులు. గట్టు వైపు ఒక చిన్న తడిక తలుపు, మిగతా మూడు వైపులా రెండు వరసల తాడు.

ఆరో పని: బాతుకు వేరే రేవు

తెప్పకు ఎంత దూరం వీలైతే అంత దూరంలో, కుంట అవతలి మూలన, రెండు మూడు అడుగుల వెడల్పున కొబ్బరి పీచు చాప గానీ, ఇసుక నింపిన గోనెసంచుల వరస గానీ నీళ్ళలోంచి గట్టు దాకా పరచండి. పై కొసను గట్టు మీద మేకులకు కట్టాలి. షీటుకు మేకు కొట్టకండి. గట్టు మీద ఆ చోట గడ్డిని పొట్టిగానే ఉంచండి, కాస్త నీడ ఉంటే ఇంకా మంచిది. పిల్లలు మేత వేసేది ఇక్కడే.

ఇది వృథా ఖర్చు అనేవాళ్ళుంటారు. బాతు నీళ్ళలో ఎంతసేపు ఉంటుంది, ఎక్కడో ఒకచోట ఎక్కి తీరాలి కదా! ఆ ఎక్కడో మనం నిర్ణయిస్తే సరిపోతుంది. నీళ్ళు తాగబోయి జారిపడిన కుక్కపిల్లకూ, ఉడుముకూ కూడా ఈ చాపే బయటికి దారి.

కుంటలో చేపలు వేసినవాళ్ళకు ఇంకో కోణం ఉంది. చేపలు, బాతులు కలిపి పెంచే పద్ధతిలో హెక్టారు నీటికి 200 నుంచి 300 బాతులు వదులుతారు, వాటి రెట్టే నీటికి ఎరువు. అలాంటి కుంటలో ఈత పెట్టుకోకండి. చేపలకు మేలు చేసే పచ్చటి నీరు పిల్లల నోట్లోకి పోవడం ఎవరికీ మంచిది కాదు. రెండూ కావాలంటే రెండు కుంటలు ఉండాల్సిందే.

ఏడో పని: బెదిరింపు, పొరుగు

బెదురుబొమ్మ, వేలాడే సీడీలు, ప్లాస్టిక్ గద్ద, ఇవన్నీ పైన చెప్పిన అడ్డాలతో కలిపి వాడితే సాయం చేస్తాయి. వాటినే నమ్ముకుంటే వారం తిరగకుండా ప్లాస్టిక్ గద్ద నెత్తిన నీటికాకి కూర్చుని ఉంటుంది. వాడితే రెండు మూడు రోజులకొకసారి చోటు మార్చండి. గాలికి కదిలేది మేలు. శేషాచలం అడవి అంచు తోటల్లో టపాకాయలు కాల్చకండి, ఎండాకాలంలో ఒక్క నిప్పురవ్వ చాలు. పురుగుమందు కలిపిన గింజలు చల్లే దుర్మార్గం కూడా అక్కడక్కడా ఉంది. బాతుకన్నా ముందు నెమలి తింటుంది, ఆ తర్వాత అటవీశాఖ వాళ్ళు మీ తోటకు వస్తారు.

పక్క తోట బాతులైతే గొడవకు దిగే ముందు ఒక చిన్న బేరం పెట్టి చూడండి. "మామా, సాయంత్రం ఐదింటికి మీ దొడ్లోనే గుప్పెడు తవుడు తడిపి వెయ్. ఒక పాత టబ్బు నేనిస్తా, నీళ్ళు పొయ్యి. అవే ఇంటికొస్తాయి." బాతుకు తల మునిగేంత లోతు నీళ్ళు చాలు, కళ్ళూ ముక్కూ కడుక్కుంటుంది. సాయంత్రం మేత దొరికే చోటికి బాతులు తప్పకుండా చేరతాయి, రాత్రి అక్కడే మూస్తే పొద్దున తెప్ప శుభ్రంగా ఉంటుంది. మామ ఒప్పుకుంటే వాటికి ఒక పక్క రెక్క కొస ఈకలు కత్తిరించవచ్చు. ఎదిగిన ఈకకు నెత్తురుండదు, నొప్పి ఉండదు, ఈకలు రాల్చుకుని కొత్తవి వచ్చేదాకా ఎగిరి కంచె దాటలేవు. కొత్తగా మొలుస్తున్న, మొదలు దగ్గర నీలంగా కనబడే ఈకను మాత్రం కొయ్యకూడదు, రక్తం కారుతుంది.

పాములు రావని పెద్ద బాతుల్ని పెంచేవాళ్ళు చాలామంది ఉన్నారు. కొత్త మనిషి వచ్చినా, పాము కనబడినా అవి గోల పెడతాయి, అంతవరకు నిజం. పాములు రాకుండా ఆగుతాయనే నమ్మకంతో పిల్లల్ని చీకట్లో గట్టు మీదికి పంపకండి.

పెంపుడు బాతులు తెప్ప మీద గానీ, రేవు కింద గానీ గుడ్లు పెడితే వెంటనే తీసేయండి. పొదగడం మొదలైతే 28 నుంచి 31 రోజులు అక్కణ్ణుంచి కదలదు, పెద్ద బాతైతే మగది కాపలా కాస్తూ దగ్గరికొచ్చిన పిల్లల పిక్కలు పట్టుకుంటుంది. అడవి పక్షి గూడైతే పక్షిపిల్లలు ఎగిరిపోయేదాకా ఆ పక్క వదిలెయ్యండి.

అమెరికాలో సరస్సు ఒడ్డున ఇల్లు తీసుకున్న మనవాళ్ళకు ఒక మాట. అక్కడ తెప్పలెక్కేది కెనడా గూస్, అడవి పక్షి. 1918 నాటి వలస పక్షుల ఒప్పంద చట్టం దాన్ని కాపాడుతుంది. గుడ్ల మీద మొక్కజొన్న నూనె పూసి పొదగకుండా చెయ్యడానికి కూడా ముందు ఫెడరల్ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ దగ్గర పేరు నమోదు చేసుకోవాలి, రాష్ట్రం నిబంధనలు వేరుగా ఉంటాయి. వేసవి మొదట్లో ఈకలు రాల్చుకుని కొన్ని వారాలు ఎగరలేవు, ఒడ్డుకు నడిచే వస్తాయి. రెండు వరసల తాడు అప్పటికే కట్టి ఉంటే బాగా పనిచేస్తుంది.

ఎనిమిదో పని: నీటిమట్టంతో పాటు కదలండి

మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కుంట నిండితే నీళ్ళు రేవు పలకలకు తగిలేంత పైకి వస్తాయి, అప్పుడు కింది తాడు నీళ్ళలో ఉంటుంది. ఒక జానెడు పైకి జరపాలి. ఏప్రిల్, మేలో ఇందుకు తిరగబడుతుంది. చుట్టుపక్కల కుంటలు ఎండి, నీళ్ళున్న ఒక్క చోటికి పక్షులన్నీ చేరతాయి, సరిగ్గా పిల్లలు సెలవులకొచ్చే రోజులే అవి. మట్టి కుంటల్లో నీరు తగ్గి ఖాళీ వాలు బయటపడుతుంది, గట్టు కంచెకు ముందే బాతులకు కూర్చునే చోటు దొరుకుతుంది. తాడు కంచెను నీటి వెంట కిందికి దింపండి. తెప్ప లంగరు తాడు కూడా అప్పుడే సరిచూడాలి. వదులైన తాడుతో తెప్ప ఒడ్డుకు కొట్టుకొచ్చిందంటే బాతులు నేల మీంచే నడిచి ఎక్కుతాయి.

తొమ్మిదో పని: కడగడం

ఎండిన రెట్టను చీపురుతో ఊడ్వకండి, దుమ్ము ముక్కులోకి పోతుంది. ముందు నీళ్ళు చల్లి తడపండి, మాస్కు, చేతులకు తొడుగులు వేసుకుని గీకండి. తెప్పను గట్టు మీదికి లాగి సబ్బు నీళ్ళతో తోమాక, పది లీటర్ల బకెట్‌కు సుమారు 30 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్ళు పోసి, పది నిమిషాలాగి కడిగెయ్యాలి. ఆ నీళ్ళు కుంటలోకి పోనివ్వకండి, చేపలు చస్తాయి. మామిడి మొదట్లోకీ వద్దు.

రెట్టలో సాల్మొనెల్లా, ఈ-కోలి లాంటి క్రిములుండవచ్చు. అందుకని ఈత నీళ్ళు మింగొద్దని పిల్లలకు చెప్పండి, బయటికి రాగానే బోరు నీళ్ళతో స్నానం చేయించండి. నత్తలు, బాతులు రెండూ ఉన్న కుంటలో ఈదితే ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు, దురద రావడం ఉంది. బాతుల్లో బతికే ఒక పురుగు పిల్లలు నత్తల్లో పెరిగి, నీళ్ళలోకి వచ్చి, పొరపాటున మనిషి చర్మంలో దూరడం దానికి కారణం. అవి మనలో బతకవు, దురద కొద్ది రోజుల్లో తగ్గుతుంది. నీళ్ళలోంచి లేవగానే తువాలుతో గట్టిగా తుడుచుకుంటే చాలావరకు తప్పుతుంది.

2024 ఫిబ్రవరిలో పక్కనే నెల్లూరు జిల్లాలో బర్డ్ ఫ్లూ బయటపడింది. కుంట దగ్గర బాతులు గానీ, కాకులు గానీ ఒకటికి మించి చచ్చి కనిపిస్తే చేత్తో ముట్టకండి, కుక్కల్ని దగ్గరికి పోనివ్వకండి. దగ్గరున్న పశువైద్యశాలకు గానీ, పశువైద్య హెల్ప్‌లైన్ 1962కు గానీ ఫోన్ చేసి చెప్పండి. వాళ్ళు వచ్చి చూసి చెప్పేదాకా ఎవర్నీ ఆ నీళ్ళలోకి దింపకండి.